నాయకులపై లైంగిక వేధింపుల ఆరోపణలు: విచారణ ఎవరి హక్కు?

2017 డిసెంబర్ 7న మిన్నెసోటా సెనేటర్ ఆల్ ఫ్రాంకెన్ అమెరికా సెనేట్‌లో లేచి నిలబడి, కొద్ది వారాల్లో పదవి వదులుకుంటానని ప్రకటించారు. ఆయన మీద మొదటి ఆరోపణ బయటికొచ్చి ఆ రోజుకు సరిగ్గా మూడు వారాలు. సెనేట్ ఎథిక్స్ కమిటీ ప్రాథమిక విచారణ చేపడుతున్నట్లు చెప్పి వారం. తప్పు జరిగిందని గానీ జరగలేదని గానీ ఎవరూ తేల్చలేదు. ఆయన్ను పొమ్మన్నది ప్రతిపక్షం కాదు, సొంత పార్టీ.

ఇన్నేళ్ల తరువాత ఆ సంగతి ఎందుకంటే, ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు మన దగ్గరా వినిపించేవి రెండే మాటలు. ఒకరు వెంటనే రాజీనామా చేయాలంటారు, మరొకరు ఇదంతా కుట్ర అంటారు. ఎవరు ఏ మాట అంటారన్నది నిందితుడి పార్టీని బట్టి ముందే తెలిసిపోతుంది. ఈ రెండు మాటల మధ్య జరగాల్సిన పని ఒకటుంది. అది జరగకపోతే ఎవరికి నష్టమో ఫ్రాంకెన్ ఉదంతం బాగా చూపిస్తుంది.

ఫ్రాంకెన్ రాజకీయాల్లోకి రాకముందు టీవీ హాస్యనటుడు, రచయిత. 2008 ఎన్నికలో 312 ఓట్ల తేడాతో గెలిచి, కోర్టు వివాదాలన్నీ తీరాక 2009 జూలైలో సెనేట్‌లో అడుగుపెట్టారు. అంతకుముందు, 2006లో, విదేశాల్లోని అమెరికా సైనికులకు వినోద ప్రదర్శనలిచ్చే బృందంతో వెళ్లారు. ఆ బృందంలో ఉన్న లీయాన్ ట్వీడెన్ తరువాతి రోజుల్లో లాస్ ఏంజెలెస్‌లో రేడియో వ్యాఖ్యాత అయ్యారు. రిహార్సల్ పేరుతో ఫ్రాంకెన్ తనను బలవంతంగా ముద్దు పెట్టుకున్నారని ఆమె 2017 నవంబర్ 16న చెప్పారు. ఒక ఫొటో కూడా బయటపెట్టారు. విమానంలో ఆమె రక్షణ కవచం తొడుక్కుని నిద్రపోతుంటే, ఆయన ఆమె ఛాతీ మీదికి చేతులు చాచి కెమెరా వైపు నవ్వుతున్న ఫొటో అది.

ఫ్రాంకెన్ క్షమాపణ చెప్పారు. రిహార్సల్ సంగతి తనకు అలా గుర్తులేదన్నారు. తన మీద విచారణ జరపాలని తానే కోరారు. ట్వీడెన్ ఆ క్షమాపణను స్వీకరించారు, ఆయన రాజీనామా చేయాలని తాను అడగడం లేదని కూడా చెప్పారు. తరువాతి రోజుల్లో మరికొందరు స్త్రీలు ముందుకొచ్చారు, మొత్తం ఎనిమిది మంది. కొందరు తమ పేరు చెప్పారు, కొందరు చెప్పలేదు. ఫొటో దిగుతున్నప్పుడు చేయి వేయకూడని చోట వేశారని కొందరు, ముద్దు పెట్టుకున్నారనో పెట్టుకోబోయారనో మరికొందరు చెప్పారు. డిసెంబర్ 6న కొత్త ఆరోపణ ఒకటి రాగానే న్యూయార్క్ సెనేటర్ కిర్స్టెన్ గిలిబ్రాండ్ ఆయన తప్పుకోవాలన్నారు. సాయంత్రానికి ముప్పై మందికి పైగా డెమొక్రాటిక్ సెనేటర్లు అదే మాట అన్నారు. మర్నాడు రాజీనామా ప్రకటన. కొన్ని ఆరోపణలు అసలు నిజం కావని, మరికొన్ని సంఘటనలు తనకు వేరేగా గుర్తున్నాయని ఫ్రాంకెన్ ఆ ప్రసంగంలో అన్నారు.

2018 జనవరి 2న ఆయన పదవి ముగిసింది. సభ్యుడు కాని వ్యక్తి మీద ఎథిక్స్ కమిటీకి అధికారం ఉండదు. దాంతో విచారణ అక్కడే ఆగిపోయింది.

2019 జూలైలో న్యూయార్కర్ పత్రికలో పాత్రికేయురాలు జేన్ మేయర్ ఈ వ్యవహారాన్ని తిరిగి తవ్వి రాసిన వ్యాసం వచ్చింది. అప్పుడు రాజీనామా కోరినవారిలో ఏడుగురు సెనేటర్లు, మాజీ సెనేటర్లు, తాము తొందరపడ్డామని ఆమెతో ఒప్పుకున్నారు. నలభై ఏళ్లకు పైగా సెనేట్‌లో ఉన్న పాట్రిక్ లేహీ తాను చేసిన పెద్ద పొరపాట్లలో ఇదొకటన్నారు. గిలిబ్రాండ్ మాత్రం తన మాట మీదే నిలబడ్డారు. ఆశ్చర్యమేమిటంటే ముప్పై మందికి పైగా అన్న మాటకు కోపమంతా ఆమె మీదే పడింది. అధ్యక్ష అభ్యర్థిత్వానికి ఆమె పోటీపడ్డప్పుడు పార్టీకి విరాళాలిచ్చే కొందరు పెద్దలు ఆ ఒక్క కారణంతో ముఖం చాటేశారు. ఆమెతో పాటు అదే రోజు అదే మాట అన్న మగ సెనేటర్లను పెద్దగా ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఏడుగురూ చింతించింది ఫ్రాంకెన్‌కు విచారణ దక్కలేదని. అది నిజమే. అయితే విచారణ దక్కనిది ఆయనొక్కరికే కాదు. ఆ ఎనిమిది మంది చెప్పినదాన్ని ఏ అధికార సంస్థా నమోదు చేసి, పరిశీలించి, ఇది నిజమని ఖరారు చేయలేదు. అందుకే ఈరోజుకీ ఫ్రాంకెన్ అభిమానులు అదంతా రాజకీయ పన్నాగమంటారు, ప్రత్యర్థులు ఆయన దోషి అని తేలిపోయినట్లే మాట్లాడతారు. ఫిర్యాదు చేసిన స్త్రీలు ఈ రెండు గుంపుల మధ్య ఇరుక్కుపోయారు. విచారణ అనగానే నిందితుడికి ఇచ్చే వెసులుబాటు అని చాలామంది అనుకుంటారు. మా దృష్టిలో అది ముందుగా ఫిర్యాదుదారు హక్కు. ఆమె మాటకు అధికారిక ముద్ర పడే మార్గం అదొక్కటే. నిందితుడు తలుపు వేసుకుని వెళ్లిపోతే ఆ ముద్ర ఎప్పటికీ పడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. విచారణ అంటే సాగదీతే కదా, పలుకుబడి ఉన్నవాడు దాన్ని ఏళ్ల తరబడి లాగించలేడా అని. లాగించగలడు. అదే సెనేట్‌లో అలా జరిగింది కూడా. ఆరెగన్ రాష్ట్రానికి చెందిన రిపబ్లికన్ సెనేటర్ బాబ్ ప్యాక్‌వుడ్ మీద పది మంది స్త్రీల ఆరోపణలను వాషింగ్టన్ పోస్ట్ 1992 నవంబర్ 22న ప్రచురించింది. అప్పటికి ఆయన మళ్లీ ఎన్నికై మూడు వారాలు కాలేదు. ఎథిక్స్ కమిటీ విచారణ మొదలైంది. ఆయన రోజూ డైరీలు రాసుకునే మనిషి. వాటిని ఇవ్వనంటే, ఇవ్వాల్సిందేనని 1993లో సెనేట్ 94-6 ఓట్లతో తీర్మానించింది. ఆ డైరీల్లో మార్పులు చేసినట్లు తరువాత బయటపడింది. చివరికి 1995 సెప్టెంబర్ 6న కమిటీలోని ముగ్గురు రిపబ్లికన్లు, ముగ్గురు డెమొక్రాట్లు ఏకగ్రీవంగా ఆయన్ను సభ నుంచి బహిష్కరించాలని సిఫారసు చేశారు. మర్నాడే ఆయన రాజీనామా ప్రకటించారు. పదిహేడు మంది స్త్రీల పట్ల పద్దెనిమిది సార్లు చేసిన అనుచిత ప్రవర్తన ఆ విచారణలో నమోదైంది.

దాదాపు మూడేళ్లు. ఆ స్త్రీలు అన్నాళ్లూ ఆయన ఓటేస్తుంటే, చట్టాలు చేస్తుంటే చూస్తూ కూర్చున్నారు. ఇది చాలా ఎక్కువ కాలం, అందులో సందేహం లేదు. కానీ ఒక తేడా చూడండి. ప్యాక్‌వుడ్ విషయంలో ఈరోజు వాదన లేదు. ఆయన పార్టీవాళ్లే ఆ తీర్పు మీద సంతకం పెట్టారు. మూడు వారాల్లో ముగిసిన కథ ఇప్పటికీ నానుతోంది, మూడేళ్లు సాగిన కథ ముగిసిపోయింది. మూడు వారాలకూ మూడేళ్లకూ నడుమ, మూడు నాలుగు నెలల్లో ఈ పని ముగించడం అసాధ్యమేమీ కాదు. దానికి గడువు రాసి ఉండాలి, గడువు దాటితే ఎవరు జవాబు చెప్పాలో కూడా రాసి ఉండాలి.

ఇక శిక్ష సంగతి. ఫ్రాంకెన్ మీద ఆరోపణలు వచ్చిన ఆ నవంబర్‌లోనే అలబామాలో రిపబ్లికన్ పార్టీ తరఫున సెనేట్‌కు పోటీపడుతున్న రాయ్ మూర్ మీదా ఆరోపణలు వచ్చాయి. 1979లో తనకు పద్నాలుగేళ్లని, ముప్పై రెండేళ్ల మూర్ తనను లైంగికంగా తాకాడని ఒక స్త్రీ చెప్పారు. మూర్ కాదన్నారు, పోటీలోంచి తప్పుకోలేదు. ఆయన పార్టీ జాతీయ సంస్థ మొదట డబ్బు సాయం ఆపి, ఎన్నిక దగ్గర పడేసరికి మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది. డిసెంబర్ 12న సుమారు 22 వేల ఓట్ల తేడాతో ఆయన ఓడిపోయారు. అంటే ఆ కేసులో తీర్పు చెప్పింది ఓటర్లే, అదీ అంచు మీద. మిషిగన్‌కు చెందిన జాన్ కన్యర్స్ 1965 నుంచి ప్రతినిధుల సభలో ఉన్న మనిషి. ఒక మాజీ ఉద్యోగిని ఫిర్యాదును 2015లో తన కార్యాలయ నిధుల నుంచి 27 వేల డాలర్లకు పైగా చెల్లించి గుట్టుగా ముగించుకున్నారని బయటపడింది. ఆరోపణలను కాదంటూనే డిసెంబర్ 5న ఆయన తప్పుకున్నారు. ఇక డొనాల్డ్ ట్రంప్ మీద పన్నెండు మందికి పైగా స్త్రీలు ఆరోపణలు చేశారు, ఆయన అన్నింటినీ ఖండించారు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో జ్యూరీ ఒక సివిల్ కేసులో లైంగిక దాడికి, పరువునష్టానికి ఆయన్ను బాధ్యుడిగా తేల్చి 50 లక్షల డాలర్ల పరిహారం విధించింది. ఆ తరువాతి ఏడాది ఆయన మళ్లీ అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు.

ఇవన్నీ ఒకే రకం తప్పులు కావు. ఫొటో దిగుతూ చేయి జార్చడం, కింద పనిచేసే ఉద్యోగిని మీద అధికారం చూపి ఒత్తిడి తేవడం, పద్నాలుగేళ్ల పిల్లను తాకడం, ఈ మూడింటినీ ఒకే కొలపాత్రతో కొలవకూడదు. ఇలా అనడం మొదటిదాన్ని చిన్నది చేయడం కాదు. దానికీ శిక్ష ఉండాలి, అది దాని బరువుకు తగ్గట్టు ఉండాలి. సెనేట్ దగ్గర లిఖితపూర్వక మందలింపు ఉంది, సభ మొత్తం అభిశంసించడం ఉంది, మూడింట రెండొంతుల ఓట్లతో బహిష్కరణ ఉంది. పార్టీ తలచుకుంటే కమిటీ పదవులు తీసేయొచ్చు. ఆ మెట్లలో ఒక్కటీ ఫ్రాంకెన్ విషయంలో వాడలేదు. ఎక్కడో కింది మెట్టు దగ్గర ఆగాల్సిన కేసా, పైమెట్టు దాకా వెళ్లాల్సిన కేసా అన్నది విచారణ లేకుండా తేలదు. మెట్లు వాడనిచోట శిక్షను నిర్ణయించేది తప్పు బరువు కాదు, ఆ మనిషికీ ఆ పార్టీకీ ఉన్న సిగ్గు బరువు. సిగ్గున్నవాడు చిన్న ఆరోపణకే పోతాడు, లేనివాడు పెద్ద తీర్పు తరువాత కూడా ఉంటాడు.

ఆ గొడవలో మంచి ఒకటి జరిగింది, అది వార్తల్లో పెద్దగా రాలేదు. అమెరికా కాంగ్రెస్ ఉద్యోగుల కోసం 1995లో చేసిన చట్టం ప్రకారం, వేధింపులకు గురైన స్త్రీ కోర్టుకు వెళ్లాలంటే ముందు ముప్పై రోజుల కౌన్సెలింగ్, తరువాత ముప్పై రోజుల మధ్యవర్తిత్వం, ఆపైన మరో ముప్పై రోజుల నిరీక్షణ దాటాలి. పరిహారం ప్రజాధనం నుంచి. 2018 డిసెంబర్‌లో ఆ చట్టాన్ని మార్చారు. తప్పనిసరి కౌన్సెలింగ్, మధ్యవర్తిత్వం పోయాయి. వేధించిన సభ్యుడే పరిహారం సొమ్మును తన జేబులోంచి తిరిగి కట్టాలి. ఫ్రాంకెన్ పదవిలో ఉండాలా పోవాలా అన్న రచ్చ కన్నా ఈ చిన్న సవరణ కాంగ్రెస్‌లో పనిచేసే అమ్మాయిలకు ఎక్కువ మేలు చేసిందని మేము అనుకుంటున్నాం.

ఈ విషయం ఎత్తినప్పుడల్లా మన సంఘాల్లో కొందరు పెద్దలు యోసేపు కథ చెబుతారు. పోతీఫరు భార్య అబద్ధపు నింద వేస్తే నిర్దోషి చెరసాల పాలయ్యాడని. నిజమే. కానీ అదే గ్రంథంలో తామారు కథ కూడా ఉంది. అమ్నోను ఆమెను చెరిచాడు. అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు. తండ్రి దావీదుకు కోపం వచ్చింది గానీ చేసిందేమీ లేదు. రెండేళ్ల తరువాత గొర్రెల బొచ్చు కత్తిరించే విందులో అమ్నోను హత్యకు గురయ్యాడు. ఈ రెండు కథల్లోనూ లోపించింది ఒకటే, ఇరుపక్షాల మాట విని తేల్చే మనిషి. మొదటి కథ ఒక్కటే చెప్పి రెండోది దాటేసేవారిని మేము నమ్మలేం.

మన దేశానికి వద్దాం. 2018 అక్టోబర్‌లో అప్పటి విదేశాంగ సహాయమంత్రి ఎం.జె. అక్బర్ మీద పాత్రికేయురాలు ప్రియా రమణి ఆరోపణ చేశారు. ఆయన పత్రికా సంపాదకుడిగా ఉన్న రోజుల నాటి సంగతి అది. తరువాత ఎందరో స్త్రీలు ముందుకొచ్చారు. అక్బర్ అన్నీ అబద్ధాలన్నారు, రమణి మీద పరువునష్టం కేసు పెట్టారు, అక్టోబర్ 17న మంత్రి పదవికి రాజీనామా చేశారు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు రమణిని నిర్దోషిగా విడుదల చేసింది. ఎన్నేళ్ల తరువాతైనా, తనకు నచ్చిన ఏ వేదిక మీదైనా స్త్రీ తన గోడు చెప్పుకోవచ్చని ఆ తీర్పు అంది. ఆ తీర్పు మీద అక్బర్ హైకోర్టుకు వెళ్లారు. ఇది గొప్ప తీర్పే. కానీ బోనులో నిలబడింది ఎవరో గమనించండి. ఆరోపణ చేసిన స్త్రీ, రెండేళ్లకు పైగా. ఆరోపణ ఎదుర్కొన్న మంత్రి మీద ప్రభుత్వం గానీ పార్టీ గానీ ఒక్క బహిరంగ విచారణా జరపలేదు.

పనిచేసే చోట వేధింపులను అరికట్టే చట్టం మనకు 2013 నుంచి ఉంది. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. విచారణ తొంభై రోజుల్లో ముగియాలి. ఆ లోపు ఫిర్యాదుదారునైనా నిందితుడినైనా బదిలీ చేయొచ్చు, ఆమెకు మూడు నెలల దాకా సెలవు ఇవ్వొచ్చు. వివరాలు బయటపెట్టకూడదు. దురుద్దేశంతో చేసిన తప్పుడు ఫిర్యాదుకు శిక్ష ఉంది, అయితే నిరూపించలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు తప్పుడుదైపోదని చట్టం స్పష్టంగా చెప్పింది. నియమాల్లో శిక్షలూ మెట్లుమెట్లుగా ఉన్నాయి: రాతపూర్వక క్షమాపణ, హెచ్చరిక, మందలింపు, పదోన్నతి ఆపడం, ఇంక్రిమెంటు ఆపడం, ఉద్యోగం నుంచి తీసేయడం, కౌన్సెలింగ్, సమాజ సేవ. ఒక మండల కార్యాలయంలో గుమాస్తా తప్పు చేస్తే ఇన్ని మెట్లున్నాయి. అదే మండలంలో పార్టీ నాయకుడు తన కార్యకర్త పట్ల అదే తప్పు చేస్తే ఒక్కటీ లేదు. పార్టీకీ సభ్యులకూ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు గనుక పార్టీలు అంతర్గత కమిటీ పెట్టనక్కర్లేదని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. సినిమా నిర్మాణ సంస్థలు పెట్టాల్సిందేనని చెప్పింది కూడా ఆ తీర్పే. 2025లో సుప్రీంకోర్టు దాన్ని మార్చడానికి ఒప్పుకోలేదు.

చట్టం బలవంతపెట్టకపోయినా పార్టీలు తమంతట తాము కమిటీ పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. బయటి సభ్యులు ఎక్కువమంది ఉండాలి, అధ్యక్షురాలు పార్టీ పదవిలో లేని స్త్రీ అయి ఉండాలి. ఫిర్యాదు రాగానే నాయకుడిని ఫిర్యాదుదారు మీద పెత్తనం చేయగల స్థానం నుంచి పక్కకు జరపాలి. అలా జరపడం దోషి అనడం కాదు, సస్పెన్షన్‌లో ఉన్న ప్రతి ఉద్యోగికీ ఈ తేడా తెలుసు. తొంభై రోజులు దాటనివ్వకూడదు. నిందితుడు మధ్యలో రాజీనామా చేసినా విచారణ ఆపకూడదు. ఫ్రాంకెన్ కేసు నేర్పేది ముఖ్యంగా ఇదే. తేలింది ఏదైనా, ఆమె పేరు దాచి, సారాంశం ప్రకటించాలి. పోలీసు కేసు పెట్టదగ్గ నేరమైతే ఇవన్నీ దానికి తోడుగా జరగాలి, బదులుగా కాదు. సంఘ పెద్దలం, సంస్థలు నడిపేవాళ్లం మనం కూడా ఉన్నాం, మన దగ్గర ఇలాంటి కమిటీ ఉందా అని ఎవరైనా అడిగితే ఎందరం ఉందనగలమో చూసుకోవాలి.

ఏ పని ఎలా జరగకూడదో చెప్పడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 2023 జనవరి 18న వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా వంటి మల్లయోధులు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు, భాజపా ఎంపీ బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ మహిళా క్రీడాకారులను లైంగికంగా వేధించారన్నది ఆరోపణ. ఆయన కాదన్నారు. క్రీడల శాఖ మేరీ కోమ్ నాయకత్వంలో పర్యవేక్షక కమిటీ వేసింది. దాని నివేదికను ప్రజల ముందు పెట్టలేదు. ఏప్రిల్‌లో క్రీడాకారులు మళ్లీ రోడ్డెక్కి, సుప్రీంకోర్టు తలుపు తట్టాకే ఏప్రిల్ 28న ఎఫ్‌ఐఆర్‌లు నమోదయ్యాయి. జూన్‌లో ఛార్జిషీటు, మరుసటి ఏడాది మేలో అభియోగాల నమోదుకు కోర్టు ఆదేశం. మైనర్ బాలిక పేరిట పెట్టిన రెండో కేసులో ఫిర్యాదును వెనక్కి తీసుకున్నారు, పోలీసుల ముగింపు నివేదికను 2025 మేలో కోర్టు అంగీకరించింది. ఆయన దోషి అని గానీ కాదని గానీ మేము అనడం లేదు, అది కోర్టు పని. పార్టీ చేసింది మాత్రం అందరికీ కనిపించింది. 2024 ఎన్నికల్లో కైసర్‌గంజ్ టికెట్ ఆయనకు ఇవ్వలేదు. ఆయన కొడుకుకు ఇచ్చింది. కొడుకు గెలిచాడు.